చిత్తు పుస్తకము

పాఠశాలకు పోవు ప్రతి విద్యార్థి సంచిలోను రెండు విధములైన పుస్తకము లుండును. ఒకటి ఉపాధ్యాయునకు చూపదగినది. దానికి అట్ట వేసి, పేరు వ్రాసి, అంచున గీత గీసి పదిలముగా నుంచుకొందురు. రెండవది చిత్తు పుస్తకము. అందులో లెక్కల కొట్టివేతలు, పద్యపాదముల తునుకలు, ప్రక్కనున్న మిత్రుని వికారపు ముఖము, సిరా మరకలు అన్నియు నుండును. సంవత్సరాంతమున మొదటిది బీరువాలోనికి, రెండవది శనగల పొట్లములకు చిల్లర కొట్టునకు పోవుట లోకాచారము. చిత్రకారుని ఇంట మాత్రము ఈ మర్యాద తలక్రిందులు. గోడకు వ్రేలాడు పటము పదిమంది కొరకు వేసినది. చిత్తు పుస్తకము తన కొరకు వేసికొన్నది. అతడు నిజముగా ఏమి చూచెనో, ఎక్కడ తడబడెనో, ఏది విడిచి ఏది పట్టుకొనెనో తెలియవలెనన్న, పటమును కాదు, ఆ పుస్తకమును తెరువవలెను.

విజయవాడలో కృష్ణలంకయందు, బందరు కాలువకు కూతవేటు దూరమున, ఒక బాలుడుండెను. ఎనిమిదవ తరగతి చదువుచుండెను. వాని తండ్రి ఆటోనగరులో లారీలకు రంగులు వేయు పనివాడు. లారీ తలుపుపై తామరపువ్వును, వెనుక చెక్కపై రెక్కలు చాచిన డేగను, కుంచె ఎత్తకుండ వ్రాయగల నేర్పు ఆయనకు కలదు. ఆ నేర్పు చూచుచు పెరిగినవానికి బొమ్మలపై మక్కువ కలుగుట వింత కాదు. అయినను వాని మనస్సును హరించినవి తండ్రి బొమ్మలు కావు, బాపు బొమ్మలు.

నరసాపురమున 1933లో జన్మించి, 2014లో చెన్నైలో కన్నుమూసిన సత్తిరాజు లక్ష్మీనారాయణగారే బాపు. ఆయన గీత తెలుగువారి శుభలేఖలపైకి, పుస్తకముల అట్టలపైకి, తుదకు అచ్చు అక్షరములలోనికిని ప్రవేశించినది. అందమైన ఆడపిల్లను చూచి 'బాపు బొమ్మవలె నున్నది' అనుట ఇంటింట మాట. ఆ విశాల నేత్రములను, ఆ వాలుజడను, ఆ చీరకుచ్చెళ్లను బాలుడు రాత్రింబవళ్లు దింపి దింపి, చూచినవారు ముక్కున వేలు వేసికొనునంతగా నేర్చెను. తరగతిలో వానికి 'చిన్న బాపు' అని పేరు కూడ వచ్చెను. ఆ పేరు వినబడినప్పుడెల్ల వాని భుజములు కొంచెము పైకి లేచెడివి.

ఆ యేడు బాలల దినోత్సవమునకు జరిగిన చిత్రలేఖనపు పోటీలో వాడు తులసికోట చుట్టు ప్రదక్షిణము చేయుచున్న యువతి బొమ్మను వేసెను. పరీక్షకుడొక వృద్ధ చిత్రకారుడు. ఆయన ఆ బొమ్మ ఎదుట చాలసేపు నిలిచెను.

"బొమ్మ చాలా బాగుందోయ్. మరి ఇది ఎవరిది?"

"నాదేనండీ."

"గీసింది నువ్వే, సరే. నేనడిగేది అది కాదు. బొమ్మ ఎవరిది?"

బాలుడు మారు పలుకలేకపోయెను. బహుమతి వేరొక బాలికకు వచ్చెను. ఆమె తన ఇంటి పెరటిలోని రోటిని, రోటి ప్రక్క కూర్చున్న నాయనమ్మను వేసినది. రోటి అంచు వంకరగనే యున్నది. నాయనమ్మ చేయి ఉండవలసినదానికంటె పొడవుగ నున్నది. అయినను ఆ రోలు మరియొకరి ఇంటిలోనిది కాదని చూడగనే తెలియును.

పరీక్షకుని ప్రశ్న న్యాయమైనదే. పదమూడేండ్ల బాలుని నలుగురి ఎదుట అడుగదగినదా అన్నది వేరు మాట. ఇల్లు చేరి వాడు ఆ బొమ్మను నాలుగు ముక్కలుగ చింపి, పెన్సిలును మంచము క్రిందకు విసరివైచెను. నెల దినములు బొమ్మ యన్నమాట ఎత్తలేదు. తండ్రి చూచి చూచి ఒకనాడు, "బోర్డులు నేర్చుకునే రోజుల్లో నేనూ మా మేస్త్రి అక్షరాలే వ్రాశానురా. నా చెయ్యి నాకు కనబడటానికి ఏడేళ్లు పట్టింది" అనెను. "ఎట్లా కనబడింది నాన్నా?" అని బాలుడడిగెను. తండ్రి కొంత యోచించి, "ఏమో! వ్రాసి వ్రాసి చూసుకున్నాను" అనెను. అంతకుమించి చెప్పుట ఆయనకు చేతకాలేదు. పనిచేతులకు తెలిసినదంతయు నోటికి తెలియదు.

అనుకరణము దోషమని ఎవరైన అన్నచో నమ్మరాదు. పసివాడు తల్లి మాటలనే మరల పలికి మాటలు నేర్చును. పెద్దల గీతపై గీత దింపుట బొమ్మల విద్యలో ఓనమాలు దిద్దుట వంటిది. కాని దిద్దుడు పలకనే జీవితాంతము పట్టుకొని కూర్చున్నవాడు ఉత్తరమెన్నడు వ్రాయును?

ఇట్టి చిక్కు ఈ బాలునికే వచ్చినది కాదు. నూరేండ్ల క్రిందట గోదావరీ తీరమున దామెర్ల రామారావుగారికిని వచ్చినది. ఆయన 1897లో రాజమహేంద్రవరమున జన్మించెను. అక్కడి ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షుడుగానుండిన ఆస్వాల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు, తానును చిత్రకారుడే యగుటచే, ఈ బాలుని చేతిలోని వెలుగును కనిపెట్టి, బొంబాయిలోని జె.జె. కళాశాలలో చదువుటకు తోడ్పడెను. బొంబాయిలో నేర్పునది పాశ్చాత్య పద్ధతి. ఎదుట మనిషిని కూర్చుండబెట్టి, ఎముక ఎక్కడ, కండ ఎక్కడ, వెలుగు ఎటనుండి పడినది, నీడ ఎట సాగినది అని కొలిచి వేయుట. రామారావుగారు ఆ విద్యను కడముట్ట నేర్చిరి. అదే కాలమున కలకత్తాలో అవనీంద్రనాథ ఠాకూరు మొదలగువారు వేరొక త్రోవ త్రొక్కియుండిరి. రంగు వేసి నీటితో కడిగి, మరల వేసి మరల కడిగి, మంచులో తేలినట్లు మృదువైన పటములను వారు సృష్టించిరి. దేశమంతయు అటు చూచుచున్న దినములవి.

ఒక చేతిని బొంబాయి, మరియొక చేతిని కలకత్తా పట్టి లాగుచుండ, గోదావరి ఒడ్డున పుట్టినవాడు ఏమి చేయవలెను? బొంబాయి విద్యను మరచిపోలేడు. మరువవలసిన పనియు లేదు. వంగదేశపు మంచు మనోహరమే గాని, గోదావరిపై పడు ఎండకు అది నిలుచునా? ఆయన పటములను చూచువారికి సమాధానము దొరకును. 1922లో కలకత్తా ప్రదర్శనమున బహుమానమందిన 'ఋష్యశృంగ బంధనము'ను గాని, 'పుష్పాలంకారము'ను గాని, 'కార్తీక పౌర్ణమి'ని గాని పరికింపుడు. శరీరముల అమరిక తప్పదు. అది బొంబాయి పెట్టిన భిక్ష. గీత మాత్రము అజంతా గోడలనుండి దిగి వచ్చినట్లు పారును. ఆ స్త్రీలు కట్టిన కట్టు, నిలిచిన తీరు తెలుగింటివి. మూడును కలిసి నాలుగవది పుట్టినది. ఆ నాలుగవదానికి దామెర్ల రామారావు అని పేరు.

ఇది ఒకనాడు కూర్చుండి నిర్ణయించుకొన్నది కాదు. ఆయన రచనలలో లెక్కకు వచ్చినవి 34 తైలవర్ణ చిత్రములు, 129 నీటిరంగుల చిత్రములు, 250కి మించిన పెన్సిలు చిత్రములు. ఇవి గాక చిత్తుబొమ్మల పుస్తకములు 28. ఆయన 1925 ఫిబ్రవరిలో మశూచి సోకి మరణించెను. అప్పటికి ఇరువది యెనిమిదవ యేడు నిండలేదు. పని చేసిన కాలము పదేండ్లనుకొన్నను, ఏటికి దాదాపు మూడు పుస్తకములు నిండిన వన్నమాట. పాఠశాలలో ఎదుట కూర్చుండబెట్టు మనిషిని గురువు ఎంచును. వెలుగును గురువే ఎంచును. చిత్తు పుస్తకములో ఏ పుటపై ఏమి వేయవలెనో ఎంచుకొనువాడు తానే. వేయిసార్లు తానే ఎంచుకొన్నవాడు, తాను మరల మరల దేనికడకు పోవుచున్నాడో ఏదో ఒకనాడు గమనింపక మానడు. శైలి యనబడునది అక్కడ పుట్టునని తోచుచున్నది. ఆయన పోయిన తరువాత మిత్రులు, ముఖ్యముగా వరదా వెంకటరత్నముగారు, ఆ సంపదను కాపాడిరి. రాజమహేంద్రవరములోని దామెర్ల రామారావు చిత్రశాల ఆయన పేరనే నిలిచియున్నది.

కృష్ణా తీరమున ఈ కథ మరియొక విధముగ నడిచినది. 1910లో బందరున వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాలకు వంగదేశమునుండి ప్రమోదకుమార చటోపాధ్యాయుడు చిత్రకళాచార్యుడుగ వచ్చెను. హిమాలయములలో తిరిగిన యోగిహృదయుడాయన. అడివి బాపిరాజుగారి వంటి శిష్యులు ఆయనకు లభించిరి. జాతీయోద్యమ దినములలో మన కళ మనకున్నదన్న ధైర్యమును ఆ కళాశాల ఇచ్చినది. ఆ ఋణము తీరనిది. అయినను గురువు గొప్పవాడైనకొలది శిష్యుని పని కష్టమగును. బందరు ఎండలో వంగదేశపు మంచు కురిపించిన పటములు ఆ రోజులలో చాలనే వచ్చినవి. గురువు నీడను దాటినవారి పేళ్లు మాత్రమే నేడు వినబడుచున్నవి.

మరల మన బాలుని సంగతికి వత్తము. సంక్రాంతి సెలవులకు వానిని తల్లి పెడనలోని తన తమ్ముని ఇంటికి పంపెను. పెడన బందరుకు చేరువనున్న ఊరు. నేత, కలంకారీ అద్దకము అక్కడి వృత్తులు. మేనమామ అద్దకపు పనివాడు. కాళహస్తిలో కలముతో గీసి వేయుదురు. బందరు ప్రాంతమున టేకు చెక్కపై చెక్కిన అచ్చులతో అద్దుదురు. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క అచ్చు.

ఆ పని చూచిన బాలునికి కన్ను మరలలేదు. మొదట గుడ్డను కరక్కాయ నీటిలో ముంచి ఆరవైచిరి. గుడ్డ లేత పసుపుగ మారెను. ఒక కుండలో తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లము, నీరు కలిపి చాలదినములు పులియబెట్టిన ద్రవ మున్నది. అచ్చును అందులో అద్ది గుడ్డపై మోపగనే, కనుల ఎదుటనే గీత నల్లబడెను. ఎరుపు కావలసినచోట పటిక కలిపిన ముద్దను అద్దిరి. అప్పటికి అక్కడ ఎరుపు లేనే లేదు. తరువాత పారునీటిలో జాడించి, రాగి కాగులో చిరివేరు, జాజి ఆకు వేసి ఉడికించిరి. పటిక తగిలిన మేర ఎఱ్ఱగ పొంగి వచ్చెను. తగులనిచోట రంగు నిలువలేదు.

"రంగు మనం వేసేది కాదురా అల్లుడూ. గుడ్డకు దాహం పుట్టిస్తాం. అదే తాగుతుంది" అని మేనమామ నవ్వెను.

బాలుడు సంచిలోని చిత్తు పుస్తకమును బయటికి తీసెను. పెన్సిలు లేదు గదా! కరక్కాయ నీటిని ఒక పుటపై పూసి ఎండనిచ్చి, వేపపుల్లను నలిపి కుంచెగా చేసికొని, ఇనుప నీటితో ఒక గీత గీసెను. గీయునప్పుడు కనబడీ కనబడనట్లుండి, మరుక్షణమున నల్లబడెను. రెండవ గీత కొంచెము ప్రాకెను. కాగితము ముడుతలు పడెను. బాపు గీతవలె సన్నముగ సాగుమన్న ఆ వేపపుల్ల సాగదు. దానికి తన మొండితనము తనకున్నది. బాలుడు గంటసేపు దానితో పోరాడి, ఓడి, దాని దారినే పోనిచ్చెను. ఆ పుటలో ఒక కాగు, కాగు క్రింద మంట, వంగిన వీపు ఒకటి. అందులో కాటుక కన్నులు లేవు. వానికే ఆ బొమ్మ క్రొత్తగ తోచెను.

మరునాడు తెల్లవారుజామున వాకిట అత్త ముగ్గు వేయుచుండెను. వీథిలో నాలుగిండ్ల ముందర అదే ముగ్గు, అవే చుక్కలు. ఒకరి గీత బిగువుగ, మరియొకరి గీత వదులుగ, ముసలమ్మ గీత వణకుచు నున్నది. చుక్కలు అందరివి, చేయి ఎవరిది వారిది. వాడు నాలుగింటిని నాలుగు పుటలలో సున్నపు నీటితో దింపుకొనెను.

విజయవాడకు తిరిగివచ్చిన పిదప ఆ పుస్తకము లావెక్క నారంభించెను. తండ్రి తెచ్చి ఇచ్చిన లారీ రంగు చుక్కలు, అద్దకపు గుడ్డ పీలికలు, బస్సు టిక్కెట్లు, వార్తాపత్రిక ముక్కలు, అరటినార, పొయ్యి బొగ్గు, పసుపు, కుంకుమ అన్నియు అందు చేరెను. మైదాపిండి ఉడికించి చేసిన బంకతో వాడే అంటించెను. పలు పదార్థములను ఒక్క పుటలో కలిపి చేయు ఇట్టి పనిని నేటి చిత్రకారులు మిశ్రమ మాధ్యమ మందురు. పేరు క్రొత్తదేగాని పని క్రొత్తది కాదు. పొణికి కఱ్ఱను చెక్కి, చింతగింజల బంకలో రంపపు పొట్టు కలిపి అతికి, సున్నము పూసి, పైన రంగులు దిద్దు కొండపల్లి బొమ్మ మఱి యేమి?

పొరపాట్లును జరిగెను. పసుపులో సున్నము కలిపి చక్కని ఎరుపు తెచ్చి సూర్యాస్తమయమును వేసి, కిటికీకడ ఆరబెట్టి మరచెను. వారమునకు సూర్యుడు పాలిపోయెను. ఎండకు పసుపు నిలువదని అప్పుడు తెలిసెను. బంక పలుచనై రెండు పుటలు అంటుకొనిపోగా విడదీయుటలో ఒకదాని బొమ్మ సగము రెండవదానికి పోయెను. వాడు దానిని అట్లే ఉంచుకొనెను. ఎందుకని అడుగగా చెప్పలేకపోయెను. మైదా బంకకు చీమలు పట్టిన దినమున మాత్రము తల్లి పుస్తకమును పెరటిలోనికి గిరవాటు వేసెను.

సాయంకాలములందు వాడు కాలువగట్టుపై ఒకే చోట కూర్చుండి ఒకే దృశ్యమును వేయుట మొదలుపెట్టెను. వంతెన, ఆవలి గట్టున బట్టలుతుకు రాళ్లు, నీటిలోనికి వంగిన చెట్టు. ప్రకాశం ఆనకట్ట 1957లో పూర్తియైనది. దానికి నూరేండ్ల ముందే కట్టిన పాత ఆనకట్ట కాలమునుండి ఈ కాలువలు డెల్టా పొలములకు నీరిచ్చుచున్నవి. వానికి ఆ చరిత్ర అప్పుడు పట్టలేదు. నీటిని ఎట్లు వేయవలెనన్నదే వాని బాధ. నీలి రంగు వేసిన అబద్ధముగ నుండెను. కాలువ నీరు నీలముగ నుండదు. మట్టిరంగు వేసిన బురదవలె నుండెను. ఇరువదికి పైగా పుటలు పాడైనవి. ఒకనాడు విసిగి నీటిని వేయనే లేదు. కాగితమును తెల్లగ విడిచి, నీటిలో విరిగి కదలు వంతెన నీడను మాత్రము ఇనుప నీటితో అడ్డగీతలుగ వేసెను. నీరు కనబడెను.

ఏప్రిలులో కాలువలు కట్టివేయబడెను. వేసవిలో నీరు లేని కాలువను చూచుట విజయవాడవారికి వాడుకయే. అడుగున చెప్పులు, సీసాలు, పగిలిన కుండలు, నెఱ్ఱెలు వారిన బురద. అందము లేదని అందరును ముఖము త్రిప్పుకొని పోవుదురు. బాలుడు సిమెంటు సంచి కాగితమును నలిపి, విప్పి, పుటలో అంటించెను. ఆ ముడుతలే నెఱ్ఱెలైనవి. ఉన్న వస్తువులకు నల్లగీత. లేని నీటికి మరల తెల్లని కాగితము. అప్పుడు వెనుకకు త్రిప్పి చూచుకొనగా, పెడన కాగు పుటలోని ఆవిరియు తెల్లగ విడిచినదే; ముగ్గు పుటలలో ముగ్గుకంటె చుట్టునున్న నేల ఎక్కువ. తాను ఎప్పుడును ఏదో ఒకదానిని వేయక విడిచిపెట్టుచున్నాడు. ఆ సంగతి వానికి అంతవరకు తెలియదు.

బాపు బొమ్మలపై ప్రేమ పోయినదా అన్న, పోలేదు. ఆయన బొమ్మల పుస్తకము ఇంకను వాని తలగడ క్రిందనే యున్నది. అయితే ఇప్పుడు వాడు కన్నులను జడలను చూచుటలేదు. ఆయన ఎక్కడ గీతను ఆపెనో చూచుచున్నాడు.

జూనులో బడులు తెరచిరి. కాలువకు నీరు వదలిరి. మొదటి నీరు చెత్తను త్రోసికొనుచు వచ్చుచుండగ వాడు గట్టుపై నిలుచుండి, విడి కాగితముపై తొందరగ గీసి, దానిని పుస్తకములో దూర్చి బడికి పరుగెత్తెను. ఆ కాగితము ఎక్కడనో జారిపోయెను. సాయంకాలము ఆరవ తరగతి చదువుచున్న చెల్లెలు ఇంటికి వచ్చి, సంచిలోనుండి దానిని తీసి మడత విప్పెను.

"మా తరగతి వాకిట్లో పడి ఉందన్నయ్యా. ఎవరిదో తెలియక సారు చిత్తుకాగితాల బుట్టలో వేయబోతున్నారు. మా అన్నయ్యదని చెప్పి తెచ్చాను."

బాలుడు కాగితమును అటు త్రిప్పి ఇటు త్రిప్పి చూచెను. దానిపై వాని పేరు లేదు.